లోపలివైపు కెమెరా

కారులో కెమెరా పెట్టించాలన్న పట్టుదల నాకు పెద్ద అంబర్‌పేట్ సర్వీసు రోడ్డు మీద కలిగింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్కడ బంధువుల ఇంట్లో భోజనం చేసి, ఇబ్రహీంపట్నానికి ఒక్కడినే తిరిగి వస్తున్నాను. కూరగాయల ట్రాలీ ఆటో ఒకటి తప్పు దారిలో ఎదురుగా వచ్చి నా కారుకు తగిలింది. టమాటా డబ్బాలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఆటో అతను దిగుతూనే, నేను ఫోన్ చూసుకుంటూ నడుపుతున్నానని అన్నాడు.

"తల కిందికే ఉండె నీది. నేను నా కండ్లతోని జూసిన" అన్నాడు.

ఫోన్ నా చొక్కా జేబులో ఉంది. తీసి చూపించాను. ఎవరూ పట్టించుకోలేదు. పోగైన వాళ్ళంతా అతని వైపే మాట్లాడారు. పద్దెనిమిదేళ్ళుగా కారు నడుపుతున్నాను, ఒక్క మనిషికి కూడా తగలనివ్వలేదు. ఎట్లాగో అక్కడికక్కడే సర్దుకుని ఇంటికి వచ్చాను గానీ, ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. చేయని తప్పు నా మీద వేశాడు. సాక్ష్యం ఉంటే ఆ నోరు లేచేదా అనిపించింది.

రావిర్యాల దగ్గర, విమానాలకు విడిభాగాలు తయారు చేసే ఒక యూనిట్‌లో నేను నాణ్యత తనిఖీ చేస్తాను. వెంట్రుక మందంలో పదో వంతు తేడా ఉన్నా ముక్కను పక్కన పెట్టేస్తాను. ఆ అలవాటుతోనే కెమెరా కూడా ఎంచాను. రెండు వారాలు పట్టింది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందని కాదు, ముందు వెళ్ళే బండి నంబరు కదులుతున్నప్పుడు చదవగలమా అన్నది చూడాలని తెలుసుకున్నాను. లోపల చిన్న బ్యాటరీ ఉండే రకాలు మన ఎండలకు ఉబ్బిపోతాయని తెలిసి, అవి లేని రకం వెతికాను. రాసిందాని మీదే మళ్ళీ మళ్ళీ రాసినా త్వరగా పాడుకాని మెమరీ కార్డు విడిగా కొన్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు కళ్ళున్న కెమెరా తీసుకున్నాను. ఒకటి రోడ్డును చూస్తుంది, ఒకటి లోపల కూర్చున్న మనుషులను.

నా భార్యకు ఈ రెండోది అర్థం కాలేదు. "రోడ్డు జూపిస్తె సాలదా? నీ మొఖం ఎవరికి జూపిస్తవ్?" అని అడిగింది.

నా చేతిలో ఫోన్ లేదని చూపిస్తానన్నాను. మళ్ళీ ఎవడైనా ఆ మాట అంటే, ఇదిగో నా చేతులు, ఇదిగో నా కళ్ళు అని ముందు పెడతానన్నాను.

మొదట సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి నడిపి చూశాను. తీగ గేరు దగ్గర వేలాడుతూ చేతికి తగిలేది. పైగా తాళం తీయగానే కెమెరా ఆగిపోయేది. కంపెనీ పార్కింగులో ఎవరో నా కారు తలుపు గీసి పోయిన అనుభవం ఉంది కాబట్టి, బండి ఆగి ఉన్నప్పుడు కూడా అది చూస్తూనే ఉండాలనుకున్నాను. సాగర్ రోడ్డు మీద కార్ల కరెంటు పని చేసే మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన స్టీరింగు కింద ఫ్యూజుల డబ్బా తెరిచి, మూడు తీగలు నా ముందు పెట్టి చెప్పాడు. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి, ఒకటి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి, మూడోది బండి ఇనుముకు. మధ్యలో ఒక చిన్న పెట్టె.

"బ్యాటరీ దిగిపోతుంటె గిదే కెమెరాను బంద్ జేస్తది అన్నా. గిది లేకుంటె పొద్దుగాల కారు తోసుకుంట కూసుంటవ్" అన్నాడు.

అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉంటుంది. తీగను దాని ముందు నుంచి పోనిస్తే, అది తెరుచుకునేటప్పుడు అడ్డం పడుతుందట. ఓపికగా ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి, ఎయిర్‌బ్యాగు వెనక నుంచి తీగ పోనిచ్చాడు. అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, వెనక చూసే అద్దం చాటున కెమెరా అతికించాడు. ఎక్కడా తీగ కనిపించలేదు. నా ఫోన్‌లో చూస్తే లోపలి బొమ్మలో నేను తెల్ల చొక్కాతో నిటారుగా కూర్చుని కనిపించాను. నాకు చాలా తృప్తిగా అనిపించింది. వారానికొకసారి కార్డు తీసి, రికార్డు అవుతోందో లేదో చూసుకోమన్నాడు. చాలామంది పెట్టించి మరిచిపోతారట. నేను కూడా ఐదు వారాలు మరిచిపోయాను.

నా కారులో రోజూ ఇంకొక మనిషి ఉండేవాడు. మా యూనిట్‌లోనే ప్యాకింగ్ విభాగంలో పనిచేసే పెద్దాయన. నేను చాచా అనేవాడిని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆయనది ఇబ్రహీంపట్నం పక్క పల్లె. రెండేళ్ళుగా పొద్దున చౌరస్తాలోని హోటల్ ముందు ఎక్కేవాడు, మూడున్నరకు షిఫ్టు అయ్యాక నాతోనే తిరిగి వచ్చేవాడు. యూనిట్‌లో ఆయన గొంతు విన్నవాళ్ళు తక్కువ. కారులోనూ మొదటి ఏడాదంతా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. ఆ తర్వాత ఏమైందో గానీ, ముఖ్యంగా తిరుగు ప్రయాణంలో ఆ నోరు మూతపడేది కాదు. మేక ఈనిన సంగతి, అల్లుడు కొన్న మోటారు సంగతి, నలభై ఏళ్ళ కిందటి వాన సంగతి. నేను జవాబివ్వకపోతే భుజం తట్టి మళ్ళీ అడిగేవాడు. ఏసీ వేసి ఉండగా టక్కున అద్దం దించేవాడు. సోంపు నా అరచేతిలో పోసి నమలమనేవాడు. శేరిగూడ దాటేటప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులన్నీ చదివి వినిపించమనేవాడు. రోజూ అవే బోర్డులు.

నాకు విసుగు పుట్టింది. ఎనిమిది గంటలు కొలతలు కొలిచి వచ్చిన మనిషికి కాస్త నిశ్శబ్దం కావాలని ఉండదా? షిఫ్టు మారిందని చెప్పి ఆయనను వదిలించుకుందామా అని ఇంట్లో కూడా అన్నాను.

ఒక గురువారం, తిరిగి వస్తుండగా ముందు కంకర టిప్పర్ వెళ్తోంది. అందులోంచి రాయి ఒకటి ఎగిరి వచ్చి ముందు అద్దానికి తగిలింది. రూపాయి బిళ్ళంత మచ్చ, దాని చుట్టూ సాలెగూడు లాంటి పగుళ్ళు. నేను చప్పున స్టీరింగు కుడివైపు తిప్పి బ్రేకు వేశాను కాబట్టి టిప్పర్‌కు గుద్దుకోకుండా తప్పించుకున్నాం. నాకు గుర్తున్నది ఇదే. ఇంటికి రాగానే నా భార్యకు అట్లాగే చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పి ఉంటాను. కెమెరా ఎందుకు పెట్టించానో ఇప్పుడు చూడు, ఆ టిప్పర్ నంబరు పట్టుకుని ఫిర్యాదు ఇస్తానని, కార్డు తీసుకొచ్చి లాప్‌టాప్‌లో పెట్టాను. ఇంకా వెలుతురు ఉంది. ఆమె పక్కనే కుర్చీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

తెర మీద పైన రోడ్డు, కింద మేము. టిప్పర్ దూరంగా కనిపించింది. నేను నంబరు కోసం పైబొమ్మనే చూస్తున్నాను. టిప్పర్ దగ్గరవుతోంది. ఇంకా దగ్గరవుతోంది. బ్రేకు ఎందుకు పడడం లేదో నాకు అర్థం కాలేదు. అప్పుడు నా భార్య చేతిలో పని ఆగిపోయింది. ఆమె కిందిబొమ్మను చూస్తోంది.

"కండ్లు మూసుకున్నవ్" అంది.

నేను కిందికి చూశాను. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి తల గుండెల మీదికి వాలి ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఆ మనిషి నేనే. పక్క సీట్లోంచి చాచా "తమ్మీ" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత ఆయన కుడిచెయ్యి నా భుజం మీద పడింది, ఎడమ చెయ్యి చాచి స్టీరింగు పట్టుకుని తన వైపు నుంచి అవతలికి నెట్టాడు. కారు కుడివైపు జరిగింది. రాయి తగిలిన చప్పుడు అప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకు నేను కళ్ళు తెరిచి బ్రేకు వేశాను. తెర మీద నేను చాచా వైపు తిరిగి, "చూసినవా చాచా, ఎట్ల తప్పించిన" అన్నాను.

చాచా "అవ్ తమ్మీ" అన్నాడు.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. నాలుగు సెకన్లు. కొలిచాను, అలవాటు కదా. నాలుగు సెకన్ల కన్నా కొంచెం ఎక్కువే. నాకు భయం వేసింది. నిద్రపోయినందుకు కాదు. మనిషన్నాక కునుకు పడుతుంది. స్టీరింగు తిప్పిన స్పర్శ నా అరచేతుల్లో ఇంకా ఉంది. తిప్పినట్టు నాకు గుర్తుంది. ఒట్టు పెట్టి చెప్పమంటే చెప్పేవాడిని. అది జరగనే లేదు.

నా భార్య లేచి నా వెనక నిలబడింది. ముందు రోజుది పెట్టమంది. పెట్టాను. అదే దారి, అదే సమయం. నేను కళ్ళు మూసిన ప్రతిసారీ చాచా ఏదో ఒకటి అడుగుతున్నాడు. అద్దం దించుతున్నాడు. సోంపు ఇస్తున్నాడు. ఆ ముందు రోజు కూడా అంతే. అప్పుడు ఇంకొకటి గమనించాను. ఇన్ని రోజుల్లోనూ చాచా రోడ్డును చూడడం లేదు. మేకల గురించి చెప్తున్నా, వాన గురించి చెప్తున్నా, సీట్లో సగం నా వైపుకు తిరిగి కూర్చుని నా కళ్ళనే చూస్తున్నాడు. శేరిగూడలో బోర్డులు చదవమని అడుగుతున్నది కూడా వినిపించింది. చాచా ప్యాకింగ్‌లో చేసే పనే లేబుళ్ళు చదివి పెట్టెలకు అతికించడం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాలు మూడూ వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఎన్నడూ ఆలోచించలేదు.

"రాత్రి పండుకున్నంక నీకు ఊపిరి ఆగుతదని ఎన్నిసార్లు జెప్పిన? గురక అని నవ్వినవ్" అంది నా భార్య.

ఆమే స్కూటీ మీద నన్ను చాచా ఇంటికి తీసుకుపోయింది. తాళం చెవులు నేను ముట్టుకోలేదు. ఆయన వాకిట్లో మేకలకు తుమ్మ కొమ్మలు వేస్తున్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడి మంచం వాల్చాడు. ఫోన్‌లోకి ఎక్కించుకున్న ఆ వీడియో ముక్కను ఆయన ముందు పెట్టాను. దగ్గరగా పెట్టుకుని మొత్తం చూశాడు. ముందుగా తన గడ్డం ఇంత తెల్లబడిందని తెలియదన్నాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఏడాది పైమాటే అన్నాడు. నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పిన తమ్మీ. ఒకసారి కాదు, రెండు మార్లు. నేను పండుకోలే చాచా, రెప్ప గొట్టిన అన్నవ్. రెండోసారి జర కోపం జేసినవ్. నమ్మని మనిషికి ఎంతని చెప్పాలె?"

ఆ రెండుసార్లలో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

తాను పాతికేళ్ళ వయసులో లారీ క్లీనర్‌గా తిరిగానని అప్పుడు చెప్పాడు. సామాను దించడం, టైర్లలో గాలి చూడడం పైపై పనులట. అసలు పని డ్రైవర్ కళ్ళు చూడడమేనట. కళ్ళు బరువెక్కుతున్నాయని తెలియగానే ఏదో ఒక మాట అందుకోవాలి. జవాబు చెప్పాల్సిన మాటైతే మరీ మంచిది. ఆయన దాన్నంతా ఒక విద్య నేర్పుతున్నట్టు చెప్తుంటే, నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను అడగాల్సినది ఇంకొకటి మిగిలింది. బస్సులు ఉన్నాయి. కంపెనీ ఆటోలు ఉన్నాయి. ఇది తెలిసీ నా కారు ఎందుకు ఎక్కుతున్నావని అడిగాను.

ఆయన ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు నా వైపు చూశాడు.

"నేను ఎక్కకుంటె నువ్వొక్కనివే పోతవ్ గద తమ్మీ" అన్నాడు.

ఆయన భార్య లోపలి నుంచి చాయ్ తెచ్చింది. ఆమెకు కూడా ఈ సంగతి తెలుసునని ఆమె ముఖం చూస్తే అర్థమైంది. ఏడాదిగా ఈ ఇంట్లో ఒక ఆడమనిషి రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి ఆయన అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉందన్నమాట. నేనేమో ఆయనను వదిలించుకునే ఉపాయాలు వెతుకుతున్నాను. ఆ చాయ్ తాగానో లేదో ఇప్పుడు చెప్పలేను. నా జ్ఞాపకాలను పూర్తిగా నమ్మడం ఆ రోజుతో మానేశాను.

మర్నాటి నుంచి ఇద్దరం బస్సు ఎక్కాం. చాచా నా పక్కన కూర్చున్నాడు, టికెట్ తీసుకున్నాడు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రెండో స్టాపు రాకముందే తల కిటికీకి ఆనించి గాఢంగా నిద్రపోయాడు. ఆయన నిజంగా ఎంత తక్కువ మాట్లాడే మనిషో మళ్ళీ గుర్తొచ్చింది. ఏడాది పాటు రోజూ ముప్పావు గంట, తన స్వభావం కాని మాటలను కూడబలుక్కుని మాట్లాడాడు.

పెద్ద అంబర్‌పేట్ సంగతి నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. భోజనం చేస్తున్నాను, ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. తల కిందికే ఉండె అన్నాడు అతను. నిజమే చెప్పాడు. ఫోన్ అన్నది ఒక్కటే అతని పొరపాటు. అతను ఎదురుగా తప్పు దారిలో వచ్చాడని నేను ఇన్నాళ్ళూ అందరికీ చెప్పిన దాంట్లో ఎంత చూశానో, ఎంత కళ్ళు తెరిచాక అల్లుకున్నానో ఇక తెలిసే దారి లేదు. అప్పుడు కారులో కెమెరా లేదు. తరువాతి ఆదివారం బస్సులో పోయి, ఆ సర్వీసు రోడ్డు వెంట కూరగాయల వాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాను. ట్రాలీ రంగు చెప్పాను, మనిషి పోలికలు చెప్పాను. ఒకావిడ, అట్లాంటి బండ్లు పొద్దున వంద పోతాయని నవ్వింది. ఇంకో ఆదివారం కూడా పోయాను. దొరకలేదు. అతనికి ఏం చెప్పేవాడినో కూడా తెలియదు. నువ్వు చెప్పింది నిజమని చెప్పేవాడిని, అంతే అనుకుంటా.

నిద్రను పరీక్షించడానికి దవాఖానలో ఒక రాత్రి తలకూ గుండెకూ తీగలు అతికించి పడుకోబెట్టారు. పొద్దున డాక్టరమ్మ కాగితం తిప్పి చూపించింది. నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోంది. గంటకు ఎన్నిసార్లో ఆమె చెప్పిన సంఖ్య విని, కాగితం ఇంకెవరిదో అయి ఉంటుందనుకున్నాను. పేరు నాదే. ఊపిరి కోసం మెదడు ప్రతిసారీ లేపుతుందట, అది మనకు తెలియదట. రాత్రంతా పడుకున్నాననుకునే మనిషి నిజానికి నిద్రే పోవడం లేదన్నమాట. ముక్కుకు తొడుక్కుని పడుకునే యంత్రం రాసిచ్చింది, తాను చెప్పేదాకా బండి నడపొద్దంది. బయటికి వచ్చాక నా భార్య చాచాకు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన, నిద్ర పట్టే మందు ఇచ్చారా, మానే మందు ఇచ్చారా అని అడిగాడట. ఆ రెండు వారాల్లో మేము మొదటిసారి నవ్వింది అప్పుడే.

యంత్రం మొదటి వారం నాకు కుదరలేదు. ముఖం మీద ఎవరో చెయ్యి పెట్టి ఊదుతున్నట్టు ఉండేది, పీకి పడేసేవాడిని. పక్కన పడుకున్న నా భార్య మళ్ళీ తొడిగేది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, కళ్ళు తెరిచేసరికి కిటికీలో తెల్లవారి ఉంది. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. లేచి కూర్చున్నాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో మొదట తెలియలేదు. రోజూ కణతల దగ్గర ఉండే బరువు లేదు. పైకి పోయి డాబా మీద నిలబడ్డాను. పక్కింటి వాళ్ళు వాకిట్లో నీళ్ళు చల్లుతున్న చప్పుడు, సాగర్ రోడ్డు మీద మొదటి బస్సు గేరు మార్చిన చప్పుడు, రెండూ విడివిడిగా వినిపించాయి. తీగ మీద ఆరేసిన తువ్వాలు నూలు పోగులు కూడా కనిపిస్తున్నట్టు ఉంది. లోకం ఇంత స్పష్టంగా ఉంటుందా అని నేను బిత్తరపోయాను. చేతులు చూసుకున్నాను. నలభై నాలుగేళ్ళు నిండిన మనిషిని. ఎన్నేళ్ళ నుంచి ఇట్లా నిద్ర లేవలేదో, లెక్క వేయడానికి గుర్తున్న పొద్దు ఒక్కటి కూడా దొరకలేదు.

నా భార్య మెట్లెక్కి వచ్చి, ఏమైంది, ఇక్కడ నిలబడ్డావేంటని అడిగింది. ఏమీ కాలేదని చెప్పబోయాను. రాత్రంతా నిద్రపోయానని మాత్రం చెప్పాను. ఆమె నా ముఖం చూసి, పిట్టగోడకు ఆనుకుని నా పక్కన నిలబడింది.